పెన్సిల్ గుర్తు

ఉలి మొనకు ఎండిపోయి అంటుకున్న జిగురును బ్రహ్మచారి గోటితో గీకి, పాత పంచె ముక్కతో తుడిచి, చాప మీద మిగతా వాటి పక్కన పెట్టాడు. సుత్తి, రంపం, మూలమట్టం, చిన్నా పెద్దా ఉలులు, ఆఖరున రందా. చెక్కను చిత్రిక పట్టే ఆ రందాను మాత్రం తుడవాల్సిన పని లేకపోయింది. దాన్ని రోజూ వాడే మనిషి నిన్న సాయంత్రమే బ్లేడు విప్పి, నూనె రాసి, మళ్లీ బిగించి పెట్టి వెళ్లాడు. బ్రహ్మచారి దానికి కుంకుమబొట్టు పెట్టి, వేడి గిన్నె తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోజు అమావాస్య. మగ్గం మీద బతికేవాళ్లూ చెక్క మీద బతికేవాళ్లూ పనిముట్టును పూజకే తప్ప పనికి ముట్టని రోజు. సూరత్‌లో మిల్లు సేఠ్‌లకు అమావాస్యతో ఏం పని? పాండేసర సందుల్లో అప్పటికే పొద్దుటి షిఫ్టుకు పోయే సైకిళ్లు గంటలు కొట్టుకుంటూ పోతున్నాయి. ఈ రెండు గదుల ఇంటి వసారాలో మాత్రం ఆ నియమం నాలుగేళ్లుగా తప్పకుండా నడుస్తోంది. నడిపిస్తున్నది వడ్రంగం కులవృత్తిగా ఉన్న వడ్ల కులంలో పుట్టిన బ్రహ్మచారి కాదు, పక్క సందులో ఒంటరిగా ఉండే కనకయ్య.

బ్రహ్మచారి రెండు మామిడి పలకలు ఏరి నూలు సంచిలో పెట్టాడు. ఒకటి కోతమిల్లు నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న గరుకు పలక. రెండోది ఒక పక్క కనకయ్య చిత్రిక పట్టినది. కొనబోయే చిత్రిక మిషన్ పనితనం కనకయ్య పనితనానికి సరితూగుతుందో లేదో పక్కపక్కన పెట్టి చూద్దామని అతని ఆలోచన.

భార్య రాజమ్మ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "కనకన్న వస్తే ఏం చెప్పాలె?"

"పెండ్లికి పోయిండని చెప్పు. నిన్ననే చెప్పిన ఆయనకు."

"అమావాస్య నాడు పెండ్లేంది?"

బ్రహ్మచారి చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. యాభై అయిదేళ్ల మనిషికి, అందులోనూ పొద్దున్నే లేచి అమావాస్యకని పనిముట్లకు బొట్లు పెట్టిన మనిషికి, ఆ మాట తట్టనేలేదు. నిన్న ఆ అబద్ధం చెప్పినప్పుడు కనకయ్య ఒక్క క్షణం అతని వైపు చూసి, "పోయిరా తమ్మీ" అన్నాడు, అంతే. ఎవరిదని అడగలేదు, ఎక్కడని అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది. బ్రహ్మచారి చెవులు వేడెక్కాయి. టీ తాగకుండానే సంచి భుజాన వేసుకుని సందులోకి దిగాడు.

షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నా అతని మనసు నాలుగు రోజుల కిందటి మధ్యాహ్నం దగ్గరే తచ్చాడుతోంది.

పేరు చూస్తే బ్రహ్మచారి, వడ్లవాళ్ల ఇళ్లల్లో పెట్టే పేరు. తాత తలుపులు చేశాడు, తండ్రి నాగళ్లూ బండ్లూ చేశాడు. ఇతను పదహారో ఏట ఒక గడప చెక్కను పాడుచేసి తండ్రి చేత వేళ్ల మీద దెబ్బలు తిని, ఆ కోపంలో సూరత్ రైలెక్కి, ఖటోదరాలో మరమగ్గాల మీద ముప్ఫై అయిదేళ్లు గడిపేశాడు. తెగిన పోగును కళ్లు మూసుకుని అతకగలడు. రందా పడితే మాత్రం పలక ఒక మూల లోతు, ఒక మూల మెరక. అదే కార్ఖానాలో మగ్గాల చెక్క భాగాలు బాగుచేసే కనకయ్య పుట్టుకతో పద్మశాలి. తండ్రి చీరలు నేసేవాడు. ఈయన ఒక సూరతీ మిస్త్రీ దగ్గర చెక్కపని నేర్చి, ఆ మిస్త్రీనే మించిపోయాడు. "నీ ఇద్య నాకొచ్చె, నా ఇద్య నీకొచ్చె. బ్రహ్మదేవుడు చీటీలు తారుమారు చేసిండు" అని కనకయ్య నవ్వేవాడు. ఆయన నవ్వులో విషం లేదు. బ్రహ్మచారికే అది ముల్లులా గుచ్చుకునేది.

కార్ఖానాలో కొత్త మగ్గాలు దిగి ఇద్దరినీ ఇంటికి పంపాక, వసారాలో చెక్కపని పెట్టుకున్నారు. గుజరాతీలు పూజకు వాడే పొట్టి చదరపు పీటలు, వాళ్లు బాజోట్ అంటారు, అవి చేయసాగారు. సూరత్‌లో ఉన్న ఊరివాళ్లు వడ్లాయన చేసిన పీట అని ఎగబడి కొన్నారు. కొన్నవాళ్లు బ్రహ్మచారి పేరు చెప్పుకున్నారు, కనకయ్య రందా పట్టాడు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెతను బ్రహ్మచారి తన గురించి తానే లోలోపల ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. పైకి మాత్రం ఒక్కసారీ అనలేదు.

కనకయ్యకు ఒక అలవాటు ఉంది. పలకలో మెలి, అంటే మెలితిరిగిన వంకర, పూర్తిగా పోయి, ఆ పక్క బల్ల మీద కదలకుండా కూర్చుందని నమ్మకం కుదిరాక, దాని మీద పెన్సిల్‌తో చెవి ఆకారంలో చిన్న గుర్తు గీసేవాడు. "ఈ పక్కను నమ్మచ్చు" అని దాని అర్థం. పీట తయారయ్యాక ఆ గుర్తు అడుగున ఉండిపోయేది.

పోయిన నెల కనకయ్యకు వారం రోజులు జ్వరం. పీటలు టోకుగా కొనే దుకాణం సేఠ్ తొందర పెడితే బ్రహ్మచారి తానే రందా పట్టి రెండు పీటలు ముగించి పంపాడు. నాలుగు రోజుల కింద అవి తిరిగొచ్చాయి. దీపం పెడితే ఊగుతున్నాయట. సేఠ్ ఫోన్‌లో మండిపడ్డాడు. ఇంకొక్క పీట ఊగినా పండగకు చెప్పిన పీటలన్నీ వేరేవాళ్ల చేత చేయించుకుంటానన్నాడు. అప్పుడు బ్రహ్మచారి నోటి నుంచి హిందీలో ఆ మాట వచ్చింది. "మా ముసలాయన చేశాడు సేఠ్. చెయ్యి పోయింది ఆయనకి. నేను మిషన్ తెస్తున్నాను."

ముసలాయన మూడడుగుల దూరంలో పని చేస్తున్నాడు. నలభై ఏళ్లుగా సూరత్‌లో ఉన్నవాడికి హిందీ రాదా? రందా చప్పుడు ఒక్కసారి ఆగింది. మళ్లీ మొదలైంది. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికైనా మద్దెలకు చెవులు లేవన్న ధైర్యం ఉంటుంది. బ్రహ్మచారికి ఆ పాటి ధైర్యమూ లేదు. ఆ రెండు పీటల అడుగున చెవి గుర్తు లేదు. తిప్పితే ఎవరి పనో తెలిసిపోతుంది. అందుకే వాటిని మూలన గోడకు ఆనించి, పైన గోనె కప్పేశాడు. ఆనాటి నుంచి కనకయ్య కళ్లలోకి చూసి మాట్లాడలేదు.

ఉధనా దర్వాజ దగ్గర యంత్రాల దుకాణంలో నెరిసిన మీసాల గుజరాతీ పెద్దాయన ఒకడు అతన్ని లోపలికి పిలిచాడు. రెండు మిషన్లు చూపించాడు. ఒకటి ఒక్కడే ఎత్తుకుపోగలిగేంత చిన్నది, రెండు బ్లేడ్లది. ఆన్ చేయగానే చెవులు చిల్లులు పడేంత కూత పెట్టింది. రెండోది బరువైన ఇనుప బల్ల ఉన్నది, మూడు బ్లేడ్లది. కూత తక్కువ. చిన్నదాంట్లో పలక బయటికొచ్చేటప్పుడు చివర కాస్త కొరుకుతుందనీ, పెద్దదాంట్లో ఆ బాధ తక్కువనీ పెద్దాయన దాచకుండా చెప్పాడు. ఇంటి కరెంటు సరిపోతుందా, పొట్టు ఎటు ఎగురుతుంది, బ్లేడు ఎన్నాళ్లకు మార్చాలి అని బ్రహ్మచారి పనివాడిలాగే అడిగాడు. అడగడం అతనికి బాగానే వచ్చు.

గరుకు పలకను పెద్ద మిషన్‌లో పెట్టారు. అవతలి పక్క నుంచి నిగనిగలాడుతూ వచ్చింది. బ్రహ్మచారి గుండె తేలికపడింది. ఇక తనకు ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఎవరికీ మొహం చాటేయాల్సిన పనీ లేదు. పలకను గాజు బల్ల మీద పెట్టి మూల మీద వేలితో నొక్కాడు.

టక్.

మళ్లీ మిషన్‌లో పెట్టించాడు. పలక ఇంకాస్త పలచబడి వచ్చింది. నొక్కితే మళ్లీ టక్. మూడోసారీ అంతే.

పెద్దాయన నవ్వాడు. "భాయ్, ఇది కింది పక్కను చూసి పై పక్కను కోస్తుంది. కింద మెలి ఉంటే పైనా అదే మెలి దించుతుంది. మందం సమానం చేయడమే దీని పని, మెలి తీయడం కాదు. ముందు ఒక పక్క చేత్తో సాపు చేసుకుని, దాన్ని కింద పెట్టాలి. చేత్తో కాకపోతే దానికి ఇంకో మిషన్ కొనాలి."

బ్రహ్మచారి రెండో పలక తీశాడు. చెవి గుర్తు ఉన్న పక్కను కిందికి పెట్టాడు. ఒక్కసారి మిషన్‌లోంచి వచ్చిన పలకను గాజు మీద పెట్టి పెద్దాయనే నాలుగు మూలలూ నొక్కి చూశాడు. చప్పుడు లేదు. పలకను తిరగేసి, కనకయ్య పట్టిన పక్క మీద అరచెయ్యి నెమ్మదిగా జరిపాడు. మిషన్ పట్టిన పక్కను మాత్రం తాకనైనా తాకలేదు.

"ఈ పక్క ఎవరు పట్టారు?"

"నేనే" అన్నాడు బ్రహ్మచారి.

"సుథార్ కులమా?"

గుజరాత్‌లో వడ్లవాళ్లను అలాగే అంటారు. తల ఊపాడు.

"అదీ సంగతి. నెత్తురులో ఉండాలి" అని పెద్దాయన అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు బ్రహ్మచారి కిక్కురుమనకుండా నిలబడ్డాడు. ఆ నిమిషంలో ఆ చేతులు మణికట్టు దాకా తెగి పడిపోయినా బాగుండుననిపించింది అతనికి.

పెద్ద మిషనే ఖాయం చేసుకున్నాడు. మర్నాడు టెంపోలో పంపుతామన్నారు.

సాయంత్రం తిరుగు ఆటోలో అతనికి దారి దొరికినట్టనిపించింది. మొదటి పక్క కనకయ్య పడితే రెండో పక్క, మందం మిషన్ చూసుకుంటుంది. ఆయన భుజానికి సగం పని తప్పుతుంది. పోగానే ముందు ఆ మాట చెప్పేయాలి. అన్నా, ఆ రెండు పీటలు నేనే చేసిన. చిన్న మాటే. పెదవుల మధ్య అని చూసుకున్నాడు. పక్కనున్న మనిషి తిరిగి చూస్తే దగ్గినట్టు నటించాడు. కనకయ్య ఇంటి మలుపులో దిగి అటే పోదామనుకున్నాడు. ముందు సంచి ఇంట్లో పెట్టి వద్దాములే అని ఇంటికే నడిచాడు.

వసారా నిండా తెల్లటి చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా పడి ఉంది. రాజమ్మ దాన్ని ఊడవకుండా పక్కనే కూర్చుని ఉంది. చాప మీద రందాకు పొద్దున పెట్టిన కుంకుమ చెరిగిపోయింది.

"ఎవలు ముట్టిండ్రు దీన్ని ఇయ్యాల?"

"కనకన్న. నువ్వు పోంగనే వచ్చిండు. నువ్వు యాడికి పోయినవని అడగలే. మిషన్ ఎన్నడొస్తది చెల్లె అన్నడు. నాకు అబద్ధం నోటికి రాలే." రాజమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మిషన్‌కు మెలి తీసుడు రాదు, చారికి తిప్పలైతది, ఉన్న పలకలన్నీ ఒక పక్క తీసిపెడ్త అన్నడు. అమావాస్య కదన్నా అంటే, గీ ఒక్కపారికి ఏంగాదు అన్నడు. జర అన్నం తినమంటే గూడ తినలే."

గోడవారగా ఆరు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఆరింటి మీదా చెవి గుర్తు.

"ఏడున్నడిప్పుడు?"

"నాలుగింటి బస్‌కు పోయిండు. మెట్‌పల్లికి, వాళ్ల చెల్లె ఇంటికి."

"మల్ల ఎప్పుడొస్తనన్నడు?"

"గది తాళంచెయ్యి ఇంటాయనకు ఇచ్చి పోయిండు."

బ్రహ్మచారి ఫోన్ తీశాడు. రెండుసార్లు మోగాక అవతల బస్సు హోరు, దాని మధ్య కనకయ్య గొంతు. ఎప్పటి గొంతే.

"చారీ, మంచిది దొరికిందా?"

"దొరికిందన్నా."

"మంచిగైంది. గుర్తున్న పక్క కిందికి పెట్టాలె, యాదుంచుకో."

"అన్నా..."

"చెప్పు."

హోరు. ఎవరో టికెట్ అడుగుతున్నారు. కనకయ్య తొందరపెట్టలేదు. చాలాసేపు ఆగాడు. అంతసేపు ఆగాడంటే ఏ మాట కోసం ఆగాడో బ్రహ్మచారికి తెలుసు. గొంతులో మాట సిద్ధంగా ఉంది. రాజమ్మ వింటోంది.

"పైలం పో అన్నా" అన్నాడు.

"ఆఁ" అన్నాడు కనకయ్య. ఫోన్ ఆగిపోయింది.

ముప్ఫై తొమ్మిదేళ్ల కింద తండ్రి కొట్టిన వేళ్లు ఇప్పుడు సలుపుతున్నట్టనిపించింది. ఆయన అప్పుడు ఎందుకు కొట్టాడో కూడా గుర్తొచ్చింది. చెక్క పాడైనందుకు కాదు. పాడుచేసింది తమ్ముడని చెప్పినందుకు.

సంచి పెట్టడానికి మూలకు వెళ్లాడు. గోనె అక్కడ లేదు. మడత పెట్టి పక్కన ఉంది. రెండు పీటలూ గోడ వదిలి నేల మీద సరిగ్గా కూర్చుని ఉన్నాయి. కాళ్లు విప్పి, అడుగు సాపు చేసి, మళ్లీ బిగించిన మరమేకుల తలలు తళతళలాడుతున్నాయి. బ్రహ్మచారి ఒక పీట మూల మీద వేలు పెట్టి నొక్కాడు. గట్టిగా నొక్కాడు. చప్పుడు లేదు. రెండోదాన్నీ నొక్కాడు.

చాలాసేపు తిప్పలేకపోయాడు. తిప్పకుండానే తెలుసు. ఇక ఆనాడు ఊగిన ఈ పీటలు చేసిందెవరని సేఠ్ అడిగినా, ఊళ్లో ఎవరు అడిగినా, వాటి అడుగే జవాబు చెబుతుంది. ఆ జవాబు బ్రహ్మచారి ఆనాడు సేఠ్‌కు ఫోన్‌లో చెప్పిన మాటతో సరిపోతుంది.

చివరికి మోకాళ్ల మీద కూర్చుని పీటను తిరగేశాడు. పొట్టు ఇంకా అంటుకుని ఉన్న ఆ లేత చెక్క మీద, నిన్నటి దాకా ఏమీ లేని చోట, కనకయ్య చెవి గుర్తు ఉంది, పెన్సిల్ కాస్త గట్టిగా నొక్కి గీసినట్టు.