ఉన్నికుల్లాయి

కరెంటు తీయుటకు ముహూర్తము పెట్టు మహానుభావుడెవ్వడో గాని వానికి పరుల మధ్యాహ్ననిద్ర యనిన బొత్తిగా గిట్టదు. ప్రచండమార్తాండకిరణసంతప్తములై గోడలు సైతము నిట్టూర్చు వైశాఖమాసమున కాకినాడలోని యొకానొక అపార్టుమెంటునందు పంకాలన్నియు నొక్కుమ్మడి నిలిచిపోయెను. తోడనే పైయంతస్తుల యిల్లాండ్రు పరామర్శ యను మిషతో ఇన్వర్టరువిరాజితమగు హైమావతమ్మ హాలుపై దండెత్తి వచ్చిరి.

లోపలిగదిలో ఆమె భర్త రంగనాయకులుగారు ఉన్నికుల్లాయి ధరించి మగతగా పడియుండిరి. కిందటి మాఘమాసమున తలలో నీరు చేరి అడుగులు తడబడుచుండగా విశాఖపట్టణపు శస్త్రవైద్యులు ఆ నీటిని కడుపులోనికి దించు క్రొత్తరకపు సన్నని గొట్టమొకటి యమర్చి వారిని బ్రతికించిరి. తలకు ఆపరేషనన్నచో లోకము పిచ్చి యనుకొనునని జడిసిన హైమావతమ్మ గొరిగిన శిరస్సును తిరుపతి మొక్కుగా ప్రకటించి కుట్ల గుర్తును కుల్లాయితో కప్పి కుటుంబగౌరవమును నిలిపెను. ఆనాటి యుదయమునుండి ఆయనకు తలనొప్పియు వాంతియు మొదలయ్యెను. గొట్టము పూడినచో కనబడు గుర్తులివియే యని వైద్యులు ముందే హెచ్చరించియుండిరి గావున ఆమె కారు పిలువబోవుచుండగనే ఈ దండు దిగినది.

"వదినగారూ, అన్నయ్యగారు ఇంత ఎండలో కూడా ఆ కోతిటోపీ తియ్యరేవిటండీ? గుండు కొట్టించింది తిరుపతిలోనా, కాశ్మీరులోనా?" అని పైయింటి ఇందుమతమ్మ నవ్వెను.

అంతలో ఫోను మ్రోగెను. ఆ గొట్టము పెట్టించుకొన్నవారి బాగోగులను విచారించి వ్రాసికొను ఆ విశాఖ ఆసుపత్రి పరిశోధనశాఖలోని ఝాన్సీ యను యువతి పలికెను.

"అమ్మా, సార్‌కి తలనొప్పి గానీ వాంతులు గానీ మగత గానీ ఉన్నాయా? ఏ ఒక్కటున్నా ఇప్పుడే తీసుకొచ్చెయ్యండి. గొట్టం మారిస్తే సరిపోతుంది."

హాలులోని చెవులన్నియు ఫోనువైపు తిరిగెను. హైమావతమ్మ గొంతు సవరించుకొని "బాగున్నారండీ. చక్కగా తిని పడుకున్నారు" అని ఫోను పెట్టివేసెను.

లోపలనుండి వాంతి చప్పుడు వినబడెను.

"అదేంటండీ?" అని ఇందుమతమ్మ యడిగెను.

"ఏం చెప్పమంటారు ఇందుమతిగారూ! మామిడిపండంటే పడిచస్తారు. అజీర్తి."

వీరు వెడలినంతనే ఫోను చేయుదునని మనసున నిశ్చయించుకొని ఆ యిల్లాలు కాఫీ కలిపెను. కాఫీపై కాఫీ నడచెను. కోడండ్ర గుణగణవర్ణనము ముగిసి సూర్యుడస్తమించువేళకు కరెంటు రాగా అతిథులు లేచిరి. ఆమె పరుగున లోనికేగి కుల్లాయి తొలగించి యెంత పిలిచినను ఆయన కనులు తెరువలేదు. అంబులెన్సు తుని దాటకమున్నే ప్రాణము పోయెను. వాహనము అచటినుండియే వెనుకకు మరలుటచే ఆసుపత్రికి వార్త యందలేదు. అపార్టుమెంటునకు మాత్రము గుండెపోటని తెలుపబడెను. గుండెపోటు మర్యాదస్తుల రోగము గదా!

వానకారు వచ్చెను. కరెంటు యథాప్రకారముగ పోయెను. ఇందుమతమ్మ యథాప్రకారముగ వచ్చెను. మరల ఫోను మ్రోగెను.

"ఆ గొట్టం పెట్టినవాళ్లంతా బాగున్నారనే చెబుతున్నారమ్మా. ఇక అందరికీ ఇదే పెడదామంటున్నారు డాక్టర్లు. మీ సార్ ఎలా ఉన్నారు?"

హైమావతమ్మ తలయెత్తి చూచెను. పటములో దండ వెనుక రంగనాయకులుగారు కుల్లాయితోనే యుండిరి. ఏండ్లతరబడి యలవడిన నాలుక ఆమె యనుమతికై వేచియుండలేదు.

"బాగున్నారండీ."

"చాలా సంతోషమమ్మా!"

పాఠకమహాశయులారా, ఝాన్సీ యింకను ఫోను పెట్టివేయలేదు. ఇందుమతమ్మ కాఫీగ్లాసును పెదవులకడ నిలిపి చెవులు రిక్కించియున్నది. ఎవరెవరి తలలకో ఆ గొట్టములు సిద్ధమగుచున్నవి. ఈ యిల్లాలి నోరు తెరచియే యున్నది గాని మాట వెలువడుట లేదు. ఆమె యిపుడేమని పలుకవలయునో నాకు తోచకున్నది. మీ యిండ్లలో ఇట్టివేళ ఏమందురో చేతులు జోడించి యడుగుచున్నాను, దయచేసి వేగిరము సెలవిండు.