తలకిందుల మేజోడు

ముసలి పనిమనిషి ఇప్పున్ జాడీలన్నీ తడిగుడ్డతో తుడుస్తూ, చివరి జాడీ వైపు మాత్రం చూడకుండా తప్పించుకుంటోంది.

యున్ వారి పెరట్లో, ఎండ తగిలే మెట్ట మీద జాడీలు బారులు తీరి ఉంటాయి. మనిషి దిగితే తల కనబడనంత పెద్దవి. పాలపళ్లు ఊడే వయసు నుంచీ ఇప్పున్ పని వాటితోనే. కొండ అవతల ఎవరింట్లోనైనా సోయా గింజలు అడుగంటితే ఆమె ఇక్కడ తుమ్ముతుందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆమె పాదాల గురించీ చెప్పుకుంటారు. వరదొచ్చిన ఏడు ఒక కోడి తన పిల్లలన్నిటితో ఇప్పున్ చెప్పులో కూర్చుని వాగు దాటిందట. నమ్మనివాళ్లకు ఆ కోడి మనవరాళ్లను చూపిస్తారు.

చివరి జాడీలో ఉన్నది ఈ ఏటి జాంగ్, ఏడాది పొడుగునా కూరల్లో పోసుకునే సోయా రసం. ఉప్పునీళ్లలో మాగుతున్న సోయా ముద్దలను ఇవాళ పైకి తీయాలి. తీస్తే రుచి చూడాలి. అందుకే ఇప్పున్ తుడిచిన జాడీనే మళ్లీ తుడుస్తోంది.

గింజలకు వంక లేదు, మిట్ట చేనువి. నీళ్లకు వంక లేదు, కొండ ఊటవి. ముద్దలు వరిగడ్డిలో వేలాడి చక్కగా బూజు పట్టాయి. వచ్చిన తంటా అంతా ఉప్పుతోనే. ఆ ఇంట ఉప్పును మూటలు కట్టి, చేదునీరంతా చుక్కచుక్కగా కారిపోయేదాకా ఏళ్ల తరబడి చూరు కింద ఉంచుతారు. పోయిన వర్షాలకు చూరు కూలి ఆ పాత ఉప్పంతా కరిగిపోయింది. ఇంతలో పంచాంగంలో గుర్రం రోజు ముంచుకొచ్చింది. ఆ రోజున కలిపితేనే జాంగ్ నిలుస్తుంది. కోడలు సుక్‌జా బండివాడి దగ్గర కొత్త ఉప్పు కొన్నది. పిడికిలి బిగించి విప్పితే మంచి ఉప్పు జారిపోవాలి. ఇది చంటిపిల్లలా అరచేతిని పట్టుకుని వదల్లేదు.

"ఇది పచ్చి ఉప్పు, చిన్నమ్మగారూ," అంది ఇప్పున్ ఆ రోజున.

"కోడిగుడ్డు తేలిందిగా అవ్వా! ఇంకేం, పోసెయ్."

గుడ్డుకు ఉప్పెంతో తెలుస్తుంది గాని చేదు తెలియదు.

జాంగ్ రుచి చెడితే ఆ ఇంటి పెద్ద ఆ ఏడు దాటరని నమ్మకం. ఇప్పున్ చిన్నప్పుడు ఒకసారి చెడింది. బార్లీ కోతలు రాకముందే పెద్దయ్య పోయాడు. ఆ చేదు ఆమె నాలుకకు ఇప్పటికీ గుర్తు. ఇప్పుడు ఇంటికి పెద్ద, సుక్‌జా అత్తగారు పెద్దమ్మగారు. చలికాలమంతా మంచం దిగలేదు.

ఎంతసేపని తుడుస్తుంది? జాంగ్‌కు ఊపిరి తగలకుండా నోటికి గుడ్డ కట్టుకుని మూత తీసింది. చెడకుండా వేసిన ఎండుమిరపకాయలనూ బొగ్గులనూ పక్కకు నెట్టి, మెత్తబడ్డ ముద్దలను పసిపిల్లలను ఎత్తినట్టు ఒక్కొక్కటే పైకి తీసింది. మిగిలిన నీళ్లలో వేలు ముంచి, గుడ్డ కిందుగా నాలుకకు రాసుకుంది.

చేదు. అదే చేదు.

ఇప్పున్ జాడీ అంచు పట్టుకుని నిలబడింది.

"ఏమే, తీశావా?" లోపలి నుంచి పెద్దమ్మగారి గొంతు. "ఓ చెంచా ఇలా తే."

ఇప్పున్ గబగబా పాత జాడీలోంచి నల్లటి జాంగ్ ఒక చెంచా ముంచి తీసుకెళ్లింది.

పెద్దమ్మగారు చప్పరించి మొహం చిట్లించింది. "ఇది మా అత్తగారిది. ఆవిడ చేత అన్ని తిట్లు తిన్నాను, ఆవిడ రుచి నాకు తెలియదటే? కొత్తది తే."

"ఇంకా కుదురుకోలేదు పెద్దమ్మగారూ."

"చేదొచ్చిందా?"

ముసలామె చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి ఇప్పున్ మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి.

"నాకు భయంగా ఉందే. ఇంకొక్క మంచుకాలం చూడాలని ఉందే."

ఇప్పున్ ఆ చేతిని దుప్పటిలోకి సర్దింది. "మీకెందుకు భయం? ఈ ఇంట్లో పెద్దదాన్ని నేను."

"నువ్వా! నేను కొత్తకోడలిగా పల్లకీ దిగేసరికి నీకు ముందుపళ్లే లేవు."

"అవి చిన్నతనానికి ఊడలేదు. మీ అత్తగారు గరిటెతో రాలగొట్టింది. నేను పుట్టింది పులి ఏడు, మీకన్నా ముందే."

"నిన్నటిదాకా గొర్రె ఏడన్నావు కదే?"

"సంబంధాలొస్తాయని తగ్గించి చెప్పాను."

"వచ్చాయా?"

"చూస్తున్నారుగా!"

పెద్దమ్మగారు దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి అలాగే నిద్రపోయింది.

కొత్త జాడీకి కాగితపు మేజోడు తలకిందులుగా అంటిస్తారు, వచ్చే కీడు ఆ అడుగు కింద నలిగిపోవాలని. ఆ ఇంట దాన్ని ఇంటి పెద్ద పాదం కొలతకే కత్తిరిస్తారు. ఈ జాడీ మీద పెద్దమ్మగారి పాదం ఉంది, చిన్న ఆకంత. ఇప్పున్ దాన్ని నీళ్లు చిలకరించి ఊడదీసింది. తెల్లకాగితం నేల మీద పరిచి, తన పాదం మోపి, చుట్టూ బొగ్గుతో గీసింది. కాగితం చాల్లేదు. మడమ దగ్గర మరో ముక్క అతికించింది. కత్తిరించి, జాడీకి తలకిందులుగా అంటించింది.

"ఇదేంటవ్వా, పడవా?" అంది అటుగా వచ్చిన సుక్‌జా.

"వచ్చే కీడు పెద్దదైతే కాలూ పెద్దదే కావాలి కదమ్మా."

సుక్‌జా నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇప్పున్ పాత జాంగ్ ఒక గరిటెడు తెచ్చి కొత్తదాంట్లో కలిపింది. జాడీ పొట్ట మీద చెయ్యి వేసింది. భయం లేదా అంటే, ఉంది.

"పెద్దదాన్ని నేనే," అంది జాడీతో, చాలా మెల్లగా. "గుర్తు పెట్టుకో."

ముద్దలను పిసికి వేరే జాడీలో కూరింది. చేతులు కడుక్కుని, కొత్త జాడీకి ఆనుకుని ఎండలో కూర్చుంది. భోజనానికి సుక్‌జా పిలిచింది. మళ్లీ పిలిచింది. దగ్గరికొచ్చి భుజం కదిపింది. నోటికి కట్టుకున్న గుడ్డ అలాగే ఉంది. అది ఊపిరికి కదలడం లేదు.

ఇప్పున్‌ను కొండ మీద పూడ్చిపెట్టి వచ్చాక, పెద్దమ్మగారు మంచం దిగుతానని పట్టుబట్టింది. సుక్‌జా ఆమెను వీపున మోసుకుని మెట్ట మీదికి తెచ్చింది. ముసలామె వేలు ముంచి నాలుకకు రాసుకుంది. రుచి ఎలా ఉందో చెప్పలేదు. ఆ వేలితోనే మేజోడు చుట్టూ, మడమ నుంచి వేళ్లదాకా, నెమ్మదిగా తడుముతూ పోయింది.

"అబద్ధాలకోరు," అంది. "గొర్రె ఏడే దీనిది."

"మీ కొలతది కత్తిరించి మళ్లీ అంటించమంటారా అత్తయ్యా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను!"

గాలికి మడమ దగ్గరి అతుకు కొద్దిగా లేచింది. కాగితపు మేజోడు మాత్రం వేళ్లు ఆకాశానికి పెట్టి, జాడీని అంటుకునే ఉంది.