ఎర్ర కడియాలు

మడుగు గట్టు మీద మొదటి లారీ మట్టి కుమ్మరించేసరికి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. ఏళ్ళ తరబడి నీటికోళ్ళ మీద పరిశోధన చేస్తున్న మనిషి. ఆ రెల్లులో ఏ మూల ఏ గూడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. మడుగు పూడ్చి బస్సుల షెడ్డు కట్టిస్తున్న ఇంజినీరు పరాయిదైనా బాగుండేది. సొంత అక్క.

"అక్కా, ఆపించు! గుడ్లు పొదుగుతున్నాయే!"

"మొదలెట్టకే తల్లీ. ఈ గుంటలో ఉన్నవి గుప్పెడు కోళ్ళు. అవతల పెద్ద సరస్సు నిండా అవే. పక్షులకు లోటు లేదనే అనుమతిచ్చారు. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు."

"ఆ సరస్సులోవి ఎక్కణ్ణించి వచ్చాయో ఒక్కసారి చూడు. ఆ తర్వాత నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోవడమా!" అక్క నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి ఆగింది. మేస్త్రీని పిలిచి, "నేనొచ్చేదాకా రెల్లు జోలికి పోవద్దు," అని చెప్పి కారెక్కింది.

సరస్సు దగ్గర సందర్శకులు కిటకిటలాడుతున్నారు. ఒడ్డంతా నీటికోళ్ళే. చెల్లెలు దుర్భిణి అక్క చేతిలో పెట్టింది.

"కాళ్ళు చూడు."

ఒక కోడి కాలికి ఎర్ర కడియం. పక్కదానికీ ఎర్రదే. దాని వెనకదానికీ అంతే.

"ఎర్రవి మన మడుగులో పుట్టిన పిల్లలకు తొడిగాను. ఇక్కడ పుట్టినవాటికి పసుపువి. పెద్దవాటిలో ఒక్క పసుపు కడియం చూపించు."

అక్క ఒడ్డు పొడుగునా వెతికింది. కనబడలేదు.

"ఇక్కడా గుడ్లు పెడతాయి. కానీ జనం పారేసే తిండికి మూగిన పిల్లులూ కాకులూ పిల్లల్ని బతకనివ్వవు. పోయినవాటి చోటుకి మడుగులోవి వచ్చి చేరుతున్నాయి, అందుకే నిండుగా కనిపిస్తోంది. చిల్లు తొట్టి అక్కా ఇది. కుళాయి కట్టేస్తే ఎంతసేపుంటాయి నీళ్ళు?"

అక్క ఏదో అనేలోపు ఫోన్ మోగింది. మేస్త్రీ గొంతు గాభరాగా ఉంది. "మేడమ్, కాంట్రాక్టరు గారొచ్చారు. మట్టి తోసే మెషీను రెల్లులోకి దింపమంటున్నారు."

"దింపనివ్వకు!"

అక్క కారును మడుగు వైపు పరుగెత్తించింది. చేరేసరికి మెషీను రెల్లులో ఒక మూల తొక్కేసి, మళ్ళీ ముందుకు కదులుతోంది. కోళ్ళు గోలగోలగా అరుస్తున్నాయి. అక్క చెప్పులతోనే బురదలోకి దిగి దానికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు హడలిపోయి ఇంజన్ ఆపేశాడు.

"ఇంటి వ్యవహారం పనిలోకి తెస్తారా మేడమ్? చెల్లెలు చెప్పిందని పని ఆపేస్తారా?" కాంట్రాక్టరు ఎగిరిపడ్డాడు.

"చెల్లెలు కాకపోయుంటే ఇంకా ముందే వినేదాన్ని," అంది అక్క.

చెల్లెలు అప్పటికే తొక్కుడుపడ్డ మూలకు పరుగెత్తింది. అక్కడున్న గూళ్ళలో ఒక్కటీ మిగల్లేదు.

ఆ తర్వాత విచారణ జరిగింది. సరస్సుకు వెళ్ళి చూసొచ్చిన అధికారులు చివరికి షెడ్డును మరోచోటికి మార్చారు. పనిలో పనిగా అక్కనీ మార్చారు, దూరపు ఆఫీసుకి.

సామాను సర్దే రోజు చెల్లెలు సాయానికొచ్చి, గిన్నెలకు కాగితాలు చుడుతూ మెల్లగా అడిగింది.

"నా మీద కోపముందా?"

"ఉంది. ఆ పెట్టె ఇటు పట్టు," అంది అక్క.