ఫిడేలును మింగిన డప్పు

సెనన్ హేహిర్ కొత్త బౌరాన్ డప్పు కొనడానికి బయల్దేరింది నా మాట వల్లే. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలిక.

సెనన్ లిస్కానర్ పలకరాళ్ల క్వారీలో ముప్పై రెండేళ్లు రాతి రంపం దగ్గర పనిచేశాడు. రిటైరయ్యాక అతనికి మిగిలింది ఆదివారం మధ్యాహ్నం మా పబ్‌లో జరిగే పాటల కూటమి ఒక్కటే. ఫింటన్ ఫిడేలు, అతని తమ్ముడు ఫ్లూటు, నేను చేతుల మధ్య సాగదీసి వాయించే కాన్సర్టినా, సెనన్ బౌరాన్. ముప్పై ఏళ్ల కిందట సంతలో కొన్న మేకతోలు డప్పు అది. చుట్టూ మేకులు కొట్టి బిగించిన రకం, బిగువు పెంచడానికీ తగ్గించడానికీ మరలు ఉండవు. వాన పడితే చాలు, తోలు సాగి చప్పబడుతుంది. మా జిల్లా క్లేర్‌లో వాన పడని వారం ఏదీ? అందుకని వచ్చీ రాగానే దాన్ని చలిమంట దగ్గర పెట్టి కాచుకునేవాడు. అది వేడెక్కేలోపు ఒక గ్లాసు గిన్నిస్ బీరు అయిపోయేది.

రెండు చలికాలాలుగా అతని తాళం జారుతోంది. ఒక్క దరువు వెనకపడేవాడు. మేము ఒక రీల్, అంటే హుషారైన చిందుల పాట, ముగించి రెండోదాంట్లోకి దూకితే, అతను మొదటిదాంట్లోనే ఉండిపోయేవాడు. ఎవరమూ ఏమీ అనలేదు. ఫింటన్ మాత్రం కుర్చీ కొంచెం కొంచెంగా అతనికి దూరంగా జరుపుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పబ్ బయట కారు దగ్గర, సెనన్ నన్ను ఆపాడు.

"అసంప్టా, నిజం చెప్పు. నేను చెడగొడుతున్నానా?"

ఎదుట నిలబడి అడిగినవాడి మొహం చూసి నిజం చెప్పే గుండె నాకెప్పుడూ లేదు.

"నువ్వు కాదు సెనన్, ఆ డప్పు. దానికి వయసైపోయింది. గుమ్ముగుమ్మని మోగి ఫిడేలును మింగేస్తోంది."

అతని మొహం విప్పారింది. "నేనూ అదే అనుకుంటున్నానమ్మాయ్. ఈమధ్య ఫిడేలు నాకు అందడమే లేదు."

ఆ మాట విని కూడా నేను కారెక్కి తలుపు వేసుకున్నాను.

పదిరోజులు తిరక్కుండానే సెనన్ ఫోన్ చేశాడు. పొయ్యిలోకి పీటు మట్టి గడ్డలు తోలుకునే ట్రైలర్ మూడు వందల యూరోలకు అమ్మేశాడట. అతని కారు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పింది, అందుకని నన్ను ఎనిస్ తీసుకెళ్లమన్నాడు.

ఎనిస్‌లో వాద్యాల కొట్టు కుర్రాడు ముందు తొంభై యూరోల డప్పు తీశాడు. తోలు మీద ఆకుపచ్చ మూడాకుల బొమ్మ.

"దీన్ని పళ్లెం చేసి టీ కప్పులు తిప్పొచ్చు," అన్నాడు సెనన్. "వాయించేది లేదా?"

వాయించేది ఉంది. లోతైన చట్రం, లోపల మరలు, అంచు చుట్టూ నల్ల టేపు. ఐదు వందల ఇరవై. సెనన్ దాన్ని మోకాలి మీద పెట్టుకుని నాలుగు దరువులు వేసి, వేడిగిన్నె దించినట్టు మెల్లగా బల్ల మీదికి దించాడు.

"వాయిదాల్లో కట్టొచ్చండీ," అన్నాడు కుర్రాడు.

"నా వయసులో వాయిదాలంటే ముందు అవి తీరతాయో నేను తీరతానో."

కుర్రాడు నవ్వి, కిల్మిహిల్ దారిలో గోబ్నెట్ అనే ఆవిడ సొంతంగా బౌరాన్లు కడుతుందనీ, మచ్చలున్నవి తక్కువకు ఇస్తుందనీ చెప్పాడు. కార్లోనే హామ్ శాండ్విచ్‌లు తిని అటే వెళ్లాం. దారంతా సెనన్ ఆపకుండా మాట్లాడాడు. కొత్త డప్పు వస్తే ఫింటన్‌ను ఏ రీల్ అడగాలో కూడా ఎంచుకున్నాడు. నేను వైపర్లు చూస్తూ కారు నడిపాను.

గోబ్నెట్‌కు నలభై ఏళ్లుంటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డు, సున్నంలో నానిన తోళ్ల వాసన. ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి డప్పులు దించింది. సెనన్ వాయించి, ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు.

"బాగానే ఉందమ్మా. కానీ ఇదీ మింగే రకమే."

"దేన్ని మింగుతుందండీ?"

"పాటని."

ఆవిడ నాలుగోదానికి అంచున టేపు వేసింది, మరలు వదులు చేసింది. ఐదోది మచ్చల వాటిలోంచి తీసింది. దళసరి తోలు, దానిమీద జానెడు పొడవున తెల్లటి గీత. మేక బతికుండగా ముళ్లకంచెలో చిక్కుకుందట. "మోగడంలో తేడా లేదు, కంటికే. అందుకే రెండు వందల ఎనభై," అంది. సెనన్ డప్పు పుల్ల ఆడించాడు. దాని గొంతు వెచ్చగా, లోతుగా షెడ్డంతా నిండింది. అన్నేళ్లలో అతని చేతికింద అంత మంచి చప్పుడు నేను వినలేదు.

"ఏదైనా పాటతో కలిపి చూడండి," అంటూ గోబ్నెట్ చిన్న రేకు పిల్లనగ్రోవి అందుకుంది. ఎదురుగా నిలబడి ఒక రీల్ ఎత్తుకుంది. సెనన్ ఆవిడ వేళ్ల మీద చూపు పెట్టి కలిసి వాయించాడు, కొంచెం వెనకగా. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. పాట అయ్యాక, మరలు తిప్పే తాళంచెవి వెతుకుతున్నట్టుగా అతని వెనక్కి వెళ్లింది. అక్కడ నిలబడి మరో రీల్ మొదలుపెట్టింది.

సెనన్ పుల్ల పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ మొదటి భాగం వాయించింది, రెండో భాగం వాయించింది. చెవులు గింగురుమనేంత గట్టిగా వాయించింది.

"ఊఁ, ఎత్తుకోమ్మా," అన్నాడు సెనన్. "నేను సిద్ధమే."

పిల్లనగ్రోవి ఆగింది. గోబ్నెట్ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. ఆవిడ ముందుకొచ్చి అతని ఎదుట ఒక పీట వేసుకుని కూర్చుంది.

"మీరు ఏం పని చేసేవారు?"

"క్వారీలో. రంపం దగ్గర."

"చెవులకి ఏమైనా పెట్టుకునేవారా?"

"దూది. మొదటి ఇరవై ఏళ్లు అదీ లేదు. ఎందుకూ?"

"నేను మీ వెనక నిలబడి రీల్ మొత్తం వాయించానండీ."

సెనన్ కాసేపు ఆవిడ చేతిలోని పిల్లనగ్రోవిని చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"రెండు చలికాలాలు. చెవులని కచ్చితంగా తెలీదు సెనన్. ఏదో అయిందని తెలుసు."

"అందరికీనా?"

"అందరికీ."

తిడతాడనుకున్నాను. తిట్టినా బావుండేది. అతను డప్పు వైపు చూస్తూ, "అది మంచి ట్రైలర్," అన్నాడు అంతే.

"ఇది కొన్నా పైస్వరాలు మీ చెవికి తిరిగి రావండీ," అంది గోబ్నెట్. "డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. చెవుల డాక్టరుకి చూపించుకోండి."

"అయితే నా పాతదాని తప్పేం లేదన్నమాట."

"మీరు తీసుకురాలేదుగా, చూళ్లేదు. కానీ దాని తప్పు కాకపోవచ్చు."

"అయినా ఇది ఇవ్వమ్మా. ఇంత దూరం వచ్చి వట్టి చేతుల్తో పోలేను."

డప్పు వెనక సీటులో పెట్టుకుని తిరిగొచ్చాం. ఇంటి గేటు దగ్గర దిగేటప్పుడు అతను తలుపు పట్టుకుని నిలబడి, "ఆ రోజే చెప్పుంటే బావుండేది అసంప్టా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అవునన్నాను.

ఆదివారం సెనన్ వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నేనే ఫింటన్‌కు చెప్పి సెనన్‌ను అతని ఎదురుగా కూర్చోబెట్టాను, ఫిడేలు కమాను కదలిక కనపడేలా. మొదటి రీల్ దాదాపు బాగానే నడిచింది. బార్ దగ్గరున్నవాళ్లు కూడా ఆ చప్పుడుకు తిరిగి చూశారు. అంతలో ఎవరో పలకరిస్తే ఫింటన్ పక్కకు తిరిగాడు. తిరుగుతూనే రెండో రీల్‌లోకి మళ్లాడు, మూడోదాంతో ముగించాడు. మేమంతా ఆగిపోయాం. సెనన్ ఇంకా వాయిస్తున్నాడు. మా చేతులు ఒళ్లో ఉండటం చూసేదాకా, ఎనిమిది దరువులో పదో, ఒక్కడే వాయించాడు.

ఎవరూ నవ్వలేదు. ఫింటన్ ముందుకు వంగి, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు గట్టిగా, "మంచి డప్పు సెనన్," అన్నాడు.

"మంచిదే," అన్నాడు సెనన్. పుల్ల చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మిగతా మధ్యాహ్నమంతా డప్పు ఒళ్లో పెట్టుకుని, తోలు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఇంటికి దింపేటప్పుడు ఎందుకలా అని అడిగాను.

"చేతికి కొంచెం తెలుస్తుంది. పాట కాదులే. జనం కాళ్లు నేలకేసి కొట్టడం అయ్యుంటుంది."

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై వారం నేనే వెళ్లాను. టీ పోశాడు, సోడా రొట్టె కోశాడు, వాతావరణం గురించి మాట్లాడాడు. "నన్ను తీసుకెళ్లడానికి రాకు, రావాలనిపిస్తే నేనే వస్తా," అన్నాడు. ఆగస్టులో లిమరిక్ వెళ్లి చెవి మిషన్లు పెట్టించుకున్నాడు. మాటలు బాగా తెలుస్తున్నాయట. ఎలా ఉంటుందో చూద్దామని నేను కాన్సర్టినా పట్టుకెళ్లి అతని వంటింట్లో ఒక పాట వాయించాను. సగంలో చెయ్యెత్తి ఆపాడు.

"రేకు చింపినట్టుంది. నీ తప్పు కాదు. ఇక వద్దు."

సెప్టెంబరులో ఎనిస్ ఆస్పత్రిలో పనిచేసే ఓ నర్సు బౌరాన్ పట్టుకుని మా కూటమిలోకి వచ్చింది. సెనన్ కూర్చునే చోటే కూర్చుంది, తెలీక. ఆ మధ్యాహ్నం ఫింటన్ మూడు రీళ్లు గొలుసుగా ఎత్తుకున్నాడు. ఆ అమ్మాయి మలుపు మలుపుకీ మాతోనే ఉంది. రెండేళ్లలో మొదటిసారి డప్పుతో కలిసి, ఎవరి కోసమూ ఆగకుండా, ఎవరినీ లాక్కుపోకుండా వాయించాం. ముగిసేసరికి ఫింటన్ కళ్లు మెరుస్తున్నాయి. నాకు ఒళ్లంతా తేలికైంది. ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేను.

మర్నాడు కొట్లో సెనన్ కనపడ్డాడు. పాలు, రొట్టె కొనుక్కుంటున్నాడు. "నిన్న ఎలా జరిగింది?" అని అడిగాడు.

"ఏముంది, ఎప్పటిలాగే," అన్నాను.