ముందు సీటు

మునెయ్యకు కారంటే ముందు ఎడమ సీటు. తక్కినదంతా ఆ సీటును మోసుకుపోయే సరంజామా. పదహారేళ్ల కిందట నెల్లూరులో ఆ చిన్న తెల్లకారు కొన్న రోజున ఆయన అందులో కూర్చుని, సీటు కింది కడ్డీ పట్టి వెనక్కి తోసి, కాళ్లు బార్లా చాపుకున్నాడు. తర్వాత దాన్ని అంగుళం కదిలించలేదు. మనిషి పొడగరి. కాళ్లు ముడుచుకుని కూర్చోవడానికి నేనేమన్నా బస్సెక్కినానా అనేవాడు.

ఇప్పుడా కారు ముసలిదైంది. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి తలుపుల అంచులు తుప్పుపట్టి పెళ్లలుగా రాలుతున్నాయి. ఏసీ తిప్పితే చల్లదనానికి బదులు రొయ్యల మేత వాసన వస్తుంది. కొడుకు పెంచలకృష్ణ చెరువులకు మేత బస్తాలు అందులోనే తోలాడు మరి. మొన్నటి వానలో ఇందుకూరుపేట సెంటర్లో బండి ఆగిపోతే నలుగురు చేరి నెట్టారు. నెట్టినవాళ్లలో ఒకడు, దీన్ని కూడా చెరువులో వదలండి పెద్దాయనా, నాలుగు నెలల్లో పెద్దకారు అవుద్దేమో అన్నాడు. మునెయ్య కిందికి దిగలేదు. ముందు సీట్లోనే కూర్చుని నెట్టించుకున్నాడు.

కొత్త కారు కొనాలని ఇంట్లో మాట లేచింది. ఎవరి కోరిక వాళ్లది. పెంచలకృష్ణకు చెరువు గట్ల మీద అడుగుభాగం తగలకుండా పోయే ఎత్తయిన బండి కావాలి. కోడలు భానుప్రియ హైస్కూల్లో లెక్కల టీచరు. ఈ మధ్యే బండి నేర్చుకుంది. ఆమెకు క్లచ్ లేని బండి కావాలి. భానుప్రియ తల్లి చెంచమ్మ రెండేళ్లుగా వాళ్లింట్లోనే ఉంటోంది. ఆమెకేం కావాలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కూతురే చెప్పింది. అమ్మ మోకాళ్లు అరిగిపోయాయని, కాళ్లు చాపుకుని కూర్చోమని డాక్టరు చెప్పాడని, కొత్త కారులో అమ్మను ముందు కూర్చోబెడదామని.

మునెయ్య అన్నం తింటున్నాడు. కలపడం ఆపలేదు.

"ఏ కారన్నా కొనుక్కోండి. ముందు సీటు నాది. కుదరదంటే పాతదే చాలు."

చెరువులు తవ్విన నేల ఆయన పేరున ఉంది. ఆయన ఊ అనందే ఆ ఇంటికి కొత్త గిన్నె కూడా రాదు. భానుప్రియ మజ్జిగ గ్లాసు కాస్త గట్టిగానే పెట్టి లోపలికి పోయింది.

చెంచమ్మ మీద ఆయనకు మంట. ఆమె వచ్చిన మొదటిరోజు నుంచీ కారులో ఆయన వెనక సీట్లో పక్కకు తిరిగి కూర్చుంటుంది. భుజం ఆయన వైపు, మొహం కిటికీ వైపు. వియ్యంకుడి వీపు చూడటం కూడా గిట్టని మనిషని ఆయన తీర్మానించుకున్నాడు. ఆయన తీర్మానాలు మారవు. మేనమామ కొడుకు పెళ్లిలో తనకు రెండో బంతిలో విస్తరి వేశారని ఆ ఇంటి గడప తొక్కడం మానేసి ముప్పైయేళ్లయింది. అప్పటి పెళ్లికొడుకు కూతురికి కూడా పెళ్లయింది. దానికీ పోలేదు.

ఆయన భార్య కామాక్షమ్మ కూడా అలాగే కూర్చునేది. పక్కకు తిరిగి, ఒక కాలు సగం సీటు మీదికి లాక్కుని. సరిగ్గా కూర్చోవే, తలుపు ఊడిందంటే రోడ్డు మీద పడతావని ఆయన అద్దంలో చూసి కసిరేవాడు. ఆమె నవ్వి, గాలి కోసం అనేది. ఆమె పోయి నాలుగేళ్లు. గాలి కోసమేనని ఆయన నమ్మాడు.

ఆదివారం నలుగురూ నెల్లూరు పోయారు. హైవే పక్కన అద్దాల షోరూం. సుధాకర్ అనే కుర్రాడు మెడలో టై కట్టుకుని ఎదురొచ్చాడు. అందరికీ కాఫీ తెప్పించాడు, మునెయ్యకు కుర్చీ వేయించాడు. అంత మర్యాద చేస్తున్నాడంటే ఎక్కడో ముంచుతాడని మునెయ్య కుర్చీలో కూర్చోలేదు.

మార్పిడికి పాతకారుకు ఎంత ధర కట్టాలో చూడాలంటే ఒకసారి అందులో తిరిగిరావాలన్నాడు సుధాకర్. దాని క్లచ్ రెండుసార్లు తొక్కితే గాని పడదు. ఆ కిటుకు పెంచలకృష్ణకే తెలుసు. అందుకని అతను తోలేందుకు ఎక్కాడు. ఇంజను చప్పుడు వినాలని సుధాకర్ కాగితం పట్టుకుని ముందు ఎడమ సీట్లో కూర్చున్నాడు. ధర తగ్గిస్తే తగువు వేసుకుందామని భానుప్రియ వెనక ఎక్కి అవతలికి జరిగింది. తను లేనప్పుడు వీళ్లేం మాట్లాడుకుంటారోనని మునెయ్యకు అనుమానం. చెంచమ్మను కాఫీ దగ్గర వదిలి, వెనక తలుపు తీశాడు.

పదహారేళ్లలో ఆ తలుపు ఆయన తీయడం అదే మొదలు.

ఒక కాలు పెట్టాడు. మోకాలు ముందు సీటు వీపుకు తగిలింది. రెండో కాలికి చోటు లేదు. ఎలాగో ఈడ్చి లోపల పెట్టి తలుపు వేసేసరికి మోకాళ్లు రెండూ గడ్డం దగ్గరికి వచ్చాయి. సీటు కాస్త ముందుకు జరపమని సుధాకర్‌కు చెప్పాడు. అతను కడ్డీ పట్టి లాగాడు. కాళ్లు తన్నిపెట్టి ఊగాడు. సీటు కదల్లేదు.

"రాదు సార్. కింద పట్టీలు తుప్పుతో కరుచుకుపోయినాయి. సముద్రం పక్క బండ్లన్నీ ఇంతే."

ఎప్పటినుంచి ఇట్టా ఉండాదని మునెయ్య కొడుకును అడిగాడు. పెంచలకృష్ణ రోడ్డు మీద చూపు తీయకుండా చెప్పాడు.

"చాన్నాళ్లాయె నాయనా. అమ్మ ఉన్నప్పటినుంచే. నూనె పోసి కదిలిస్తానంటే అమ్మే వద్దనింది. నాయన కాళ్లు చాపుకోనీరా, నాకిట్టా అలవాటయిందిలే అనింది."

కారు హైవే మీదికి ఎక్కింది. మొదటి గతుకుకే మోకాలిచిప్పలు సీటుకు కొట్టుకున్నాయి. రెండో గతుకుకు మునెయ్య ఇక తట్టుకోలేక నడుము తిప్పాడు. ఒక కాలు సగం పైకి లాక్కున్నాడు. అప్పుడు గాని నొప్పి ఆగలేదు. భుజం ముందుకు, మొహం కిటికీకి. భానుప్రియ ఆయన వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఏదన్నా అని ఉంటే బాగుండేది.

గాలి కోసమని కిటికీ అద్దం దించాడు. అది సగానికి దిగి ఆగింది. బలంగా తిప్పాడు. అంతే, దాని వాటం అంత వరకే. లోపలికి వచ్చిన గాలి ఆయన నెత్తిమీదుగా పోయింది. కామాక్షమ్మ ఆయన భుజం దాకా వచ్చే మనిషి.

గాలి కోసం అనింది.

మూడు మైళ్లు పోయి వెనక్కి వచ్చారు. సుధాకర్ ఏదో ధర చెప్పాడు. భానుప్రియ తగువు వేసుకుంది. మునెయ్యకు ఒక్క మాటా చెవికెక్కలేదు. ముప్పైయేళ్ల కిందటి విస్తరినే మరవని మనిషి దీన్ని మరుస్తాడా. మరవడు. అది ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. కారు దిగి, తిమ్మిరెక్కిన కాలు నేలకేసి రెండుసార్లు తన్ని, నేరుగా కొత్త కార్ల దగ్గరికి నడిచాడు.

సుధాకర్ మొదటి కారు పైకప్పు తెరిచి చూపించాడు. లోపలినుంచి ఆకాశం కనిపిస్తుందన్నాడు. ఆకాశం చూడను కారెందుకయ్యా, వాకిట్లో మంచం ఉండాది అన్నాడు మునెయ్య. ముందు సీటు కడాకు వెనక్కి తొయ్యమన్నాడు. తోశాక తనే వెనక ఎక్కి కూర్చున్నాడు. మోకాలు తగిలింది. దిగిపోయాడు.

రెండోది పెంచలకృష్ణ మనసుపడ్డ ఎత్తు బండి. లోపల చోటు ఉంది. మునెయ్య దిగి చుట్టూ చూశాడు. చెంచమ్మ దూరంగా కుర్చీలో ఉంది. కూతురిని పంపి పిలిపించి, ఎక్కి చూడమన్నాడు. ఆమె ఒక చేత్తో తలుపు పట్టుకుని కాలెత్తింది. కాలు అంత ఎత్తు లేవలేదు. మళ్లీ ఎత్తింది. లేవలేదు. ఇది వద్దన్నాడు మునెయ్య. చెరువు గట్లెట్టా ఎక్కేదని కొడుకు గొణిగాడు. నీకు మోటార్ సైకిల్ లేదా అన్నాడు తండ్రి.

అలా సాయంత్రం దాకా ఎక్కాడు, దిగాడు. సుధాకర్ టై వదులు చేసుకున్నాడు. వచ్చినవాళ్లంతా మైలేజీ అడుగుతారు గాని వెనక సీట్లో ఇన్నిసార్లు కూర్చున్న మనిషిని చూడలేదని పెంచలకృష్ణతో మెల్లిగా అన్నాడు. ఐదో బండి మరీ ఎత్తు కాదు, పల్లం కాదు. తలుపు వెడల్పుగా తెరుచుకుంది. చెంచమ్మ ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగింది. మునెయ్య వెనక కూర్చుని, మోకాలికీ ముందు సీటుకూ మధ్య అరచెయ్యి నిలువుగా పెట్టి చూశాడు. బెత్తెడు ఉంది. కిటికీ అద్దం దించాడు. మొత్తం దిగింది.

"ఇది తీసుకోండి. క్లచ్ లేంది ఉంటే అదే తీసుకోండి."

భానుప్రియ మొగుడి మొహం చూసింది. రంగు గురించి వాళ్లిద్దరూ గంటసేపు కొట్లాడుకున్నారు. ఆయన అందులో తల దూర్చలేదు.

రెండు వారాలకు బండి చేతికొచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పాతకారు షోరూం వెనక గోడ పక్కన నిలబడి ఉంది. మునెయ్య అటు తిరిగి చూడలేదు. కొత్త కారు ముందు ఎడమ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఎక్కితే వెనక ఎక్కుదామని చెంచమ్మ ఆగింది. ఆయన ఎక్కలేదు.

"ఎక్కండి చెల్లెమ్మా."

రెండేళ్లలో ఆమెను వరుస పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె కూతురి వైపు చూసింది.

"అది మీ సీటు గదన్నా."

"దాని మీద నా పేరేమన్నా రాసినారా? ఎక్కండి, ఎండగా ఉంది."

ఆమె ఎక్కింది. మునెయ్య వెనక కూర్చున్నాడు. పెంచలకృష్ణ ఆయన పక్కన చేరాడు. తల్లి గురించి తండ్రి ఏమన్నా అంటాడేమోనని ఓరగా చూశాడు. ఆయన పంచె సర్దుకుని కూర్చున్నాడు. అది కొడుకుతో పంచుకునే సంగతి కాదు. చెంచమ్మ మీద ఉన్న తీర్మానాల్లో ఒకటి మాత్రం కొట్టేశాడు. కూరల్లో ఉప్పు ఎక్కువ వేస్తుందన్నది అలాగే ఉంచాడు.

భానుప్రియ జంకుతూనే తోలింది. మైపాడు రోడ్డెక్కాక చెయ్యి కుదిరింది. రెండు వైపులా చెరువుల్లో నీళ్లు కొట్టే చక్రాలు తెల్లగా నురగలు చిమ్ముతున్నాయి. చెంచమ్మ కొంతదూరం పరాయింట్లో కూర్చున్నట్టు మోకాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఆమె చెయ్యి సీటు కింద వెతికింది. కడ్డీ దొరికింది. సీటు కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగింది. చివరికి టక్కుమని కడాకు వచ్చి ఆగింది. ఆమె కాళ్లు రెండూ చాపి, పెద్దగా ఊపిరి వదిలింది.

"అమ్మా, వెనక మామయ్య ఉన్నాడు" అన్నది భానుప్రియ.

"ఉంటే ఏమాయె. ఇంత పెద్ద బండి."

పెంచలకృష్ణ తండ్రి మోకాళ్ల వైపు చూశాడు. మునెయ్య వంగి, మోకాలికీ సీటుకూ మధ్య అరచెయ్యి పెట్టాడు. బెత్తెడు ఉంది. షోరూంలో చూసినంతే ఉంది.

"ఉండనీ లేమ్మా. జాగా ఉంది."

ఆయన నిటారుగా కూర్చుని కిటికీ అద్దం మొత్తం దించాడు. ఏసీ వేసినా మామయ్యా, అద్దం ఎత్తండి అన్నది భానుప్రియ. ఆయన ఎత్తలేదు. సముద్రం వైపు నుంచి గాలి నేరుగా మొహానికి కొట్టింది. ఊరు వచ్చేదాకా కొట్టింది.