ఒక్క ఇంపోర్టు లైను

రేపటి అపాయింట్‌మెంట్లన్నీ రద్దయ్యాయని ఆసుపత్రి నుంచి నాలుగు వందల మంది రోగులకు పొరపాటున ఒకేసారి మెసేజ్ వెళ్లింది. ఆ ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో, అందరి ముందూ మరదల్ని నిలబెట్టి బావగారు కడిగేస్తున్నాడు. బావగారంటే మొగుడి అన్న, పైగా టీమ్ లీడరు. ఆమె ఉద్యోగం పర్మనెంటవుతుందో ఊడుతుందో ఆ సాయంత్రమే తేలాలి.

"మెసేజ్‌లు పంపేదాన్ని ఎందుకు ముట్టుకున్నావు? మతుండే చేశావా?"

"ముట్టుకోలేదు బావగారూ. మీ ఫైల్లోంచి తేదీ రాసే ఫంక్షన్ ఒక్కటే ఇంపోర్టు చేసుకున్నాను."

"చూశారా మేడమ్? చేసిందంతా చేసి నా నెత్తిన రుద్దుతోంది," అన్నాడు మేనేజరుతో.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మెసేజ్‌లు బయటికి పోని టెస్ట్ మెషీన్ ముందు కూర్చుని, ఖాళీ ఫైల్లో ఆ ఒక్క ఇంపోర్టు లైనే రాసి నడిపింది. తెర మీద నాలుగు వందల రద్దులూ బిలబిలా దిగాయి. మేనేజరు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

సంగతి ఇంతే. ఒక ఫైల్లోంచి ఫంక్షన్ లాంటి చిన్న ముక్క ఇంపోర్టు చేసుకున్నా, అంటే అరువు తెచ్చుకున్నా సరే, ఆ ఫైలంతా పైనుంచి కిందిదాకా ఒకసారి నడుస్తుంది. ఫంక్షన్ లోపలున్న పని పిలిచేదాకా ఊరుకుంటుంది, బయటున్నది ఊరుకోదు. మెసేజ్‌లు పంపే లైన్లను ఈ మహానుభావుడు బయటే పడేశాడు.

"అది డాక్టర్లు రాని రోజు రద్దు మెసేజ్‌లు పంపాలంటే విడిగా నడుపుకోడానికి రాసుకున్న ఫైలు మేడమ్. దాన్ని ఇంపోర్టు చేయమని ఎవరేడ్చారు?"

"మీరే. నిన్న అడిగితే, నా ఫైల్లో ఉంది తెచ్చుకో అన్నారు." ఆయన మిగతా ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచింది. "తేదీ ఫంక్షన్ పదకొండు ఫైళ్లలో వాడారు. పదకొండు చోట్లా మళ్లీ రాసుకున్నారు గానీ ఒక్కచోటా ఇంపోర్టు చేయలేదు. ఎందుకని?"

పదకొండోదాంట్లో ఆయన తనకోసం పెట్టుకున్న గమనిక కనిపించింది. మేనేజరు పైకి చదివింది: "ఆ ఫైలు ఇంపోర్టు చేయకూడదు. మెసేజ్‌లు వెళ్లిపోతాయి." పక్కన తేదీ కూడా ఉంది, పోయిన ఏడాదిది.

బావగారు గబగబా ఆ ఫైలు మూసేయబోయాడు.

"ఈమె పర్మనెంటు కాగితం మీద నేనే సంతకం పెడతాను," అంది మేనేజరు. "మీరు ఆ నాలుగు వందల మందికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పండి. మీరే."

మేనేజరు వెళ్లగానే ఆయన పళ్లు నూరాడు. "ఇంటికి రా, చెప్తాను నీ పని."

"తప్పకుండా వస్తాను. ముందు ఫోన్ తీయండి బావగారూ," అంటూ ఆమె మొదటి నంబరు చదవడం మొదలుపెట్టింది.