లోపలి గడియ

బొచ్చె చేపను తోక పట్టుకుని కత్తిపీట మీద పొలుసు గీకుతూనే మణెమ్మ మళ్లీ బస్టాండు వైపు చూసింది. పొలుసులు ఎగిరి ఆమె ముంజేతులకు, చెవి కమ్మలకు, బొడ్లో దోపిన కొంగుకు అంటుకుంటున్నాయి. సాగర్ రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపిస్తే చాలు, ఆమె చెయ్యి ఆగిపోతుంది. అందులో ఉన్నది తన బిడ్డ కాదని మనసుకు నచ్చజెప్పుకున్నాకే కత్తి కదులుతుంది. ఫోను మోగినా భయమే, మోగకపోయినా భయమే.

గంపలో కొర్రమీనుల పక్కన గుడ్డలో చుట్టిన సీసా ఉంది. బార్లీ నీళ్లు. పొద్దున బస్సు కోసం ఉరుకుతూ కూతురు శ్రీనిధి దాన్ని గూట్లోనే మరిచిపోయింది. మన్నెగూడ పోయేవాళ్లు ఎవరైనా తెలిసినవాళ్లు కనబడితే పంపుదామని మణెమ్మ ఇబ్రహీంపట్నం అంగడికి వెంట తెచ్చుకుంది. ఎవరూ కనబడలేదు.

శ్రీనిధి మన్నెగూడలో పట్టుచీరల దుకాణంలో పనిచేస్తుంది. ఆ పిల్లకు ఏడాదిగా ఒంటేలుకు పోతే మంట. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. "వేడి చేసింది" అన్నారు వాడకట్టు ఆడవాళ్లు. మణెమ్మ పల్లేరు కాయలు కాచి పోసింది, ధనియాల నీళ్లు పోసింది, సబ్జా గింజలు నానబెట్టింది. మొన్నామధ్య పిల్ల చలిజ్వరంతో నడుం పట్టుకుని ముడుచుకుపోతే దవాఖానకు తీసుకుపోయింది. పరీక్షలయ్యాక నర్సు నర్మద మందులు చేతిలో పెట్టి గట్టిగానే చెప్పింది.

"మంచిగైందని గోలీలు మధ్యల ఆపొద్దు. నీ బార్లీ నీళ్లు మంచియే పెద్దమ్మా, మస్తుగ తాగనియ్యి. వచ్చినప్పుడు ఆపుకోవద్దు, గదే అసలు సంగతి. జ్వరమొస్తే మాత్రం కషాయాలు కాసుకుంట ఇంట్ల కూసోకు, ఉరికి రా. లేకుంటే కిడ్నీల దాక పోతది."

ఆ చివరి మాట తప్ప మణెమ్మకు మరేదీ చెవికెక్కలేదు. అప్పటినుంచి ఆమె కలల నిండా దవాఖాన మంచాలే. ఇప్పుడీ ఎండలో పిల్ల గుక్కెడు నీళ్లు లేకుండా నిలబడి ఉంటుంది. పడిపోయిందేమో. పడిపోతే తల దేనికి తగిలిందో.

కత్తిపీట పక్కామెకు అప్పజెప్పి, గంప నెత్తికెత్తుకుని షేరింగ్ ఆటో ఆపి, మన్నెగూడ చీరల దుకాణం దగ్గర దింపమంది.

"అత్తా, నీ బొచ్చెలు గూడ చీరలు కొంటయా ఏంది?" అన్నాడు డ్రైవర్ ఐలేష్.

"నోరు మూసుకుని నడుపు. మెల్లగ నడుపు. లారీ వస్తుంది సూడు."

చీరల దుకాణం గచ్చు అద్దంలా ఉంది. తన పాదాలు అందులో కనబడితే మణెమ్మ సిగ్గుపడింది. శ్రీనిధి మేడ మీద పెళ్లివాళ్లకు చీరలు చూపిస్తోందట. యశోద అనే తోటి పిల్ల ఎదురొచ్చి సీసా అందుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"తెచ్చి ఏం లాభమత్తా? మూతెడు తాగి, మిగిలింది పోయేటప్పుడు చెట్లకు పోస్తది. మేమందరం గంతే. లెట్రిన్‌కు తాళమేస్తరు. తాళంచెవి గల్లా కాడ కూసునే దేవేందరన్న దగ్గరుంటది. అడిగితే అందరి ముంగట 'మళ్లానా?' అంటడు. నీళ్లు తాగకుంటే అడిగే పనే లేదు గద."

పెళ్లయి వచ్చిన కొత్తలో అంగట్లో కూర్చున్న నాటి నుంచి పొద్దటి చాయ్ తర్వాత మణెమ్మ కూడా ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టదు. అక్కడి ఆడవాళ్లెవరూ ముట్టరు. అదొక బాధని ఎవరూ అనుకోలేదు. అందుకే పిల్ల ఏం తాగుతోందో రోజూ అడిగింది గానీ, ఎక్కడికి పోతోందో అడగాలని ఆమెకు తోచనేలేదు.

గంప దించి, గల్లా ముందే గచ్చు మీద కూలబడింది.

"ఏయ్, ఈడ చేపలేంది? లే, లే!" అన్నాడు దేవేందర్.

"తాళం తియ్యి, లేస్త."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం కలిగింది. వాసన మెల్లగా మెట్లెక్కింది. పైనుంచి పెళ్లివాళ్లు ముక్కులు మూసుకుని తొంగిచూశారు. శ్రీనిధి పరుగున దిగి వచ్చింది. "అమ్మా, లేవే! నౌకరి పోతదే!"

"పోనియ్యి బిడ్డా. నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది. కిడ్నీలు ఏ అంగట్ల దొరుకుతయి?"

యజమాని మహిధర్ గాజుగదిలోంచి వచ్చాడు. "ఏందమ్మా లొల్లి? తాళం లేకుంటే పిల్లలు అండ్లనే కూసొని ఫోన్లు సూస్తరు."

"సేటూ, లోపట గడియ లేదా?"

"ఉంది."

"మరి బయట తాళమెందుకు? లోపటికి పోయినోళ్లకు సిగ్గుంటది, వాళ్లే ఏసుకుంటరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెళ్లికూతురి అమ్మమ్మ కర్ర ఊతంతో మెట్లు దిగి వచ్చి గంపలోకి వంగి చూసింది.

"కొర్రమీనేనా?"

"అవ్ పెద్దమ్మా. చెర్వుదే."

"మంచిగున్నయి." తర్వాత మహిధర్ వైపు తిరిగింది. "పొద్దటి సంది ఈ పిల్లలు మాకు కూల్‌డ్రింకులు పోస్తున్నరు గని ఒక్కతి గూడ నోరు తడుపుకోలే. ఏందో అనుకున్న. ఆ తాళం తీపియ్యి నాయనా, లేకుంటే మేం మీర్‌పేటల కొనుక్కుంటం."

మహిధర్ ఒకసారి పెళ్లివాళ్లను, ఒకసారి గంపను చూశాడు. "తియ్యి దేవేందర్" అన్నాడు. దేవేందర్ తాళం తీసి, తాళంచెవితో పాటు జేబులో వేసుకోబోతే మణెమ్మ చెయ్యి చాచింది.

"చెవి నువ్వే ఉంచుకో కొడుకా. నాకు తాళమియ్యి."

ఇత్తడి తాళం కొర్రమీనుల మధ్య పడింది. యశోద ఎవరినీ అడగకుండా గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. మణెమ్మ గటగటా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. నట్టపగలు, ఇంటి బయట, ఇన్నేళ్లలో ఇదే మొదలు. తర్వాత మూతి తుడుచుకుని, అందరూ చూస్తుండగా తిన్నగా ఆ తలుపు వైపే నడిచింది. లోపలి గడియ పడిన చప్పుడు దుకాణమంతా వినబడింది. ఆడపిల్లలు చీరల మడతల్లో మొహాలు దాచుకుని పడీపడీ నవ్వారు. శ్రీనిధి మాత్రం యశోద దగ్గరున్న సీసా అందుకుని ఎత్తి పట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఆగకుండా తాగుతూనే ఉంది.

బయటికొచ్చిన మణెమ్మ గంప నెత్తికెత్తుకుంది. "గోలీ ఏసుకో. రోడ్డు దాటేటప్పుడు సూసి దాటు" అని మాత్రం చెప్పి ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం దుకాణం ఊడుస్తూ యశోద ఆ తలుపు దగ్గర చీపురు ఆపింది. గడప పక్కన, ఏ జరీకీ తీసిపోని మెరుపుతో, పెద్ద చేప పొలుసొకటి గచ్చుకు అంటుకుని ఉంది.